చద్దన్నం

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచి, తెల్లవారాక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినే చద్దన్నం పేరులోని ‘చద్ది’కి పూర్వరూపం ‘చల్ది’. చలి, చల్లన అనే మాటలలోని ‘చల్’ ధాతువే దానికీ మూలం. చల్లారిన అన్నమనే ఈ అర్థం విస్తరించి, పొలానికో ప్రయాణానికో మూటగట్టుకుని వెళ్లే ఆహారానికీ చల్ది అనే పేరు స్థిరపడింది. పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు కృష్ణునితో కలిసి ఆరగించినవి ఈ చల్దులే. మీగడ పెరుగు కలిపిన ముద్దను ఎడమచేత పట్టుకుని, ఊరగాయలను వేళ్ల సందుల్లో ఇరికించుకున్న కృష్ణుని చిత్రణ ఎంత సహజమో, తెలుగింటి తిండి తీరుకు అంత విలువైన సాక్ష్యం. అన్నాన్ని గంజినీటితో కుండలో పులియబెట్టే తరవాణి (పుల్లని గంజి) చద్దన్నానికి దగ్గరి చుట్టం. రాత్రంతా నానిన అన్నానికి పులుపునిచ్చేది పాలను పెరుగుగా మార్చే కోవకు చెందిన లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాయే కనుక, చద్దన్నాన్ని పాచి తిండిగా చులకన చేయడం అన్యాయం.