విలియం పెప్పరెల్: వర్తకుడు, పౌరసేనాని, రాజనీతిజ్ఞుడు

ఉపోద్ఘాతం:

చెన్నపట్నం 1746లో ఫ్రెంచివారి వశమై, 1749లో తిరిగి ఆంగ్లేయుల చేతికి వచ్చిన సంగతి కర్ణాటక యుద్ధాల చరిత్రలో ప్రసిద్ధమే. అందుకు బదులుగా ఆంగ్లేయులు వదులుకున్నది ఉత్తర అమెరికాలోని లూయిస్‌బర్గ్ కోట. దానిని జయించిన సేనకు నాయకుడు వృత్తి సైనికుడు కాదు. విలియం పెప్పరెల్ (1696-1759) అనే వలస వర్తకుడు. వలస ప్రజల శక్తిసామర్థ్యాలను, సామ్రాజ్య నిర్ణయాలలో వారికి దక్కిన స్థానాన్ని ఆయన జీవితం ఏకకాలంలో తెలుపుతుంది.

వర్తకం నుండి సేనానాయకత్వం:

పెప్పరెల్ నేటి మెయిన్ రాష్ట్రంలోని కిట్టరీలో జన్మించాడు. నాడు ఆ ప్రాంతం మసాచుసెట్స్ పాలనలో ఉండేది. తండ్రి ఇంగ్లండులోని డెవన్ నుండి వలస వచ్చి చేపలు, కలప, నౌకల వ్యాపారాన్ని స్థాపించగా, కుమారుడు దానిని విస్తరించాడు. 1727 నుండి మరణపర్యంతం గవర్నరు సలహామండలి సభ్యునిగా, 1730 నుండి స్థానిక న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తిగా, పౌరసేనలో కల్నలుగా వ్యవహరించాడు.

1745లో గవర్నరు విలియం షర్లీ లూయిస్‌బర్గ్ దండయాత్రను ప్రతిపాదించగా, శాసనసభ ఒక్క ఓటు ఆధిక్యంతో ఆమోదించింది. కోటల ముట్టడిలో అనుభవం లేని పెప్పరెల్‌ను నాయకునిగా ఎంపిక చేయడానికి ఆయన పలుకుబడే ప్రధాన కారణం. స్వచ్ఛందంగా చేరవలసిన రైతులు, జాలరులు తామెరిగిన మనిషి వెంటనే నడుస్తారు. అలా సుమారు 4,000 మంది సమకూరారు. పీటర్ వారెన్ నౌకాదళం సముద్రమార్గాన్ని దిగ్బంధించింది. పౌరసైనికులు బురదనేలపై ఫిరంగులను లాగి, శత్రువు విడిచిన ఫిరంగులనే శత్రువుపై ప్రయోగించి, ఆరు వారాలకు జూన్‌లో కోటను లొంగదీశారు. 1746లో పెప్పరెల్‌కు బారొనెట్ బిరుదు లభించింది.

విజయం - వినిమయం:

అసలు నష్టం విజయానంతరం సంభవించింది. కోటకు కాపలాగా నిలిచినవారిలో సుమారు 900 మంది ఆ శీతకాలంలో వ్యాధులతో మరణించారు. యుద్ధంలో మరణించినవారి కంటే ఈ సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. 1748 నాటి ఎక్స్-లా-షాపెల్ సంధి లూయిస్‌బర్గ్‌ను ఫ్రాన్సుకు, చెన్నపట్నాన్ని ఆంగ్లేయులకు తిరిగి అప్పగించింది. ఈ మార్పిడిలో ఇరు నగరాల ప్రజల అభిప్రాయానికి తావు లేదు. బ్రిటిష్ పార్లమెంటు చెల్లించిన 1,80,000 పౌండ్లకు పైబడిన పరిహారంతో మసాచుసెట్స్ తన విలువ క్షీణించిన కాగితపు ద్రవ్యాన్ని ఉపసంహరించుకుంది.

ముగింపు:

ఈ అసంతృప్తిని అమెరికా విప్లవానికి ప్రత్యక్ష కారణంగా చూపడం తొందరపాటే అవుతుంది. పెప్పరెల్ చివరివరకు రాజభక్తుడే. 1757లో సలహామండలి అధ్యక్షునిగా కొంతకాలం మసాచుసెట్స్ పాలనను నిర్వహించాడు. విప్లవకాలంలో రాజపక్షం వహించిన ఆయన మనుమడు వారసత్వపు ఆస్తిని జప్తులో కోల్పోయాడు. అయితే తాము గెలిచిన కోటపై తమకు అధికారం లేదన్న అనుభవం న్యూ ఇంగ్లండు ప్రజలకు 1745-48 మధ్యనే కలిగింది. చెన్నపట్నం పునఃప్రాప్తిని వివరించే చరిత్ర రచనలో ఆ 900 మరణాలకు కూడా చోటుండాలి.