ఎఫ్.ఏ. తప్పిన రామానుజన్

శ్రోతలారా, మీ ఇంట్లో చదువు మధ్యలో ఆగిన పిల్లలుంటే ఈ సంగతి వినిపించండి. కుంభకోణం కాలేజీలో గణితం తప్ప మరేదీ పట్టని శ్రీనివాస రామానుజన్‌కు స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం పారిపోయాడు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. తప్పాడు, 1907లో మళ్లీ తప్పాడు.

1910లో నోటుపుస్తకాలతో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారిని కలిశాడు. కలెక్టరుకు లెక్కలు తెలిసి ఉండటం ఎంత అదృష్టమో చూడండి! నెలకు 25 రూపాయలు సొంత డబ్బు ఇచ్చారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పని, జీతం 30 రూపాయలు.

ఎఫ్.ఏ. తప్పాడని తేల్చిన మద్రాసు విశ్వవిద్యాలయమే 1913లో, పట్టా లేకపోయినా, నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. నేను దాన్ని దయ అనను, ఆలస్యంగా జరిగిన న్యాయం అంటాను. బి.ఏ. పట్టా 1916లో కేంబ్రిడ్జిలో, పరిశోధన మీద వచ్చింది. ఎఫ్.ఏ. మాత్రం ఎన్నడూ ప్యాసవలేదు.