నిలువ పండ్లకు సూక్ష్మజీవుల కావలి: బళ్లారి సీమను గూర్చిన యొక పరిశీలనము

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మవతరించినది. నాటి బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి మొదలగునవి మైసూరునకును చెందినవి. ఆ విభజన చరిత్రమును మనవారు పలుమారులు వ్రాసియున్నారు. ఆ యేడే ఇజ్రాయేలు దేశమున గుట్టర్, లిట్టవర్ అను శాస్త్రజ్ఞులు, నారింజజాతి పండ్లను క్రుళ్లజేయు శిలీంధ్రములను బాసిల్లస్ సబ్టిలిస్ అను సూక్ష్మజీవి యణచునని ప్రకటించిరి. ఈ రెంటికిని సంబంధము లేదు. అయినను ఎల్లకు ఇరువైపుల తోటలు పెంచు మన రైతునకు రెండవ విషయమును తెలియదగినదే.

ఈ సీమకు పండ్లు క్రొత్తవి కావు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్, అచటి అంగళ్లలో ద్రాక్ష, నారింజ, నిమ్మ, దానిమ్మ, పనస, మామిడి పండ్లు సమృద్ధిగా నుండెనని వ్రాసెను. ఆ హంపి 2021 వరకు బళ్లారి జిల్లాలోనిదే. 1882లో బళ్లారినుండి వేరుపడిన అనంతపురము నేడు చీనీ తోటలకు ప్రసిద్ధి. బళ్లారి ప్రాంతము అంజూరమునకును దానిమ్మకును పేరుగన్నది.

మన పూర్వులు ధాన్యమును పాతరలలో దాచిరి. మూత బిగించిన పాతరలో ధాన్యము, పురుగులు శ్వాసించి ప్రాణవాయువును హరించును. అంతట పురుగులు నశించును. ఈ ఉపాయము ఎండిన జొన్నలకు చెల్లెను గాని నీరు నిండిన పండునకు చెల్లదు. కావున మామిడిని గడ్డిలో మాగబెట్టి వెంటనే తినుటయో, నిమ్మను ఊరవేయుటయో వారికి మార్గమయ్యెను. పండును పండుగనే నిలుపుట కష్టసాధ్యముగనే యుండెను.

క్రుళ్లునకు మూల మేమి? కోతలోనో, గంపలోనో, బండి కుదుపులోనో తోలు గీచుకొనును. ఆ గాయమున పెనిసిలియం డిజిటాటం వంటి బూజు బీజములు పడి మొలకెత్తును. చీనీపై ఆకుపచ్చని పొడి కనబడును. 1928లో ఫ్లెమింగు పండితునకు దివ్యౌషధమును చూపిన బూజునకు ఇది దాయాది యగుట విచిత్రము! ఒక సూక్ష్మజీవి మరియొకదాని నణచు ధర్మమును మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున నున్న లెడర్లీ పరిశోధనాలయము సద్వినియోగము చేసెను. అచట డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించినదే.

ఈ ధర్మము వ్యవసాయమునకును వచ్చెను. 1932లో వైండ్లింగ్ ట్రైకోడెర్మా ఇతర శిలీంధ్రములను భక్షించుటను వివరించెను. నేడు మన రైతులు పశువుల ఎరువులో కలిపి చల్లునది దానినే. కోసిన పండ్ల విషయమున 1984లో ప్యూసీ, విల్సన్ అనువారు అమెరికాలో పీచు పండ్ల క్రుళ్లును బాసిల్లస్‌తో అరికట్టిరి. 1995లో ఆ దేశమున రెండు సిద్ధద్రవ్యములకు అనుమతి లభించెను: ఒకటి కాండిడా ఓలియోఫిలా అను ఈస్టుతో చేసిన ఆస్పైర్, రెండవది సూడోమోనాస్ సిరింజే అను బాక్టీరియాతో చేసిన బయో-సేవ్. వీనిలో ఆస్పైర్ పిమ్మట విపణినుండి తొలగిపోయెను. ప్రయోగశాలలో గెలిచినదెల్ల గిడ్డంగిలో గెలువదని దీనివలన తెలియుచున్నది.

ఈ కావలివాని పని యెట్టిదనగా, మేలిజీవి గాయమున ముందుగా స్థిరపడి అచటి చక్కెరలను తాను భుజించును. పిదప వచ్చిన బూజునకు ఆహారము మిగులదు. బాసిల్లస్ వంటివి బూజునకు సరిపడని రసములను గూడ స్రవించును. కాని శత్రువు ముందే లోపల ప్రవేశించియున్నచో ఫలితము స్వల్పము. మామిడిపై నల్లమచ్చలు కలిగించు శిలీంధ్రము తోటలోనే కాయను చేరి, పండువరకు నిద్రించును. అట్టి దానికి తోటలోనే జాగ్రత్త వలయును. కావున ఇది రక్షణయే కాని చికిత్స కాదు. జాగ్రత్తగ కోయుటకు, శుభ్రమగు గంపకు, చల్లని నిలువకు తోడేగాని బదులు కాదు.

రసాయనములలో ముంచిన పండు కొంతకాలము నిలుచును. కాని వాని యవశేషము తినువాని కడుపున చేరును, బూజులును క్రమముగ ఆ మందులకు లొంగకుండును. మందు లేక పండు క్రుళ్లినచో ఏడాది శ్రమ మట్టిపాలగును. ఈ రెంటి నడుమ చిక్కిన రైతునకు మూడవ త్రోవ చూపుట విద్యావంతుల విధి. బూజు బీజము రాష్ట్రపు టెల్లల నెరుగదు. రాయదుర్గపు తోటకును బళ్లారి తోటకును ఎండ యొక్కటే, గాలి యొక్కటే. 1953లో విడివడిన ఈ సీమవారు, భాషాభేదము నెంచక, ఈ జ్ఞానమును తెలుగునను కన్నడమునను పంచుకొందురు గాక!