సిమ్ పూవు

జామ, నేరేడు, లవంగాల కుటుంబంలోనే పుట్టినా మన దృష్టిలో పడని పొద ఒకటుంది. 1789లో విలియం ఐటన్ దీనిని మిర్టస్ టోమెంటోసా అన్నాడు. 1842లో హాస్కార్ల్ రోడోమిర్టస్ ప్రజాతికి మార్చాడు. గ్రీకులో రోడాన్ అంటే గులాబి. టోమెంటోసా అంటే నూగు కప్పినది. సగం వర్ణన పేరులోనే అయిపోయింది.

మిగతాది ఆకులో ఉంది. జామాకులో నడిమి ఈనె నుండి పక్క ఈనెలు చీలుతాయి. ఇందులో మాత్రం మూడు ఈనెలు మొదలు నుండి కొన వరకు సాగుతాయి. ఆకు అడుగున బూడిదరంగు నూగు. పూవు గులాబిరంగుతో విచ్చి, క్రమంగా తెల్లబారుతుంది. అందుచేత ఒకే కొమ్మపై రెండు రంగుల పూలు పూసినట్లుంటుంది. పండు ముదురు ఊదా.

నీలగిరులలోని ఈ పండును ఆంగ్లేయులు ‘హిల్ గూస్‌బెర్రీ’ అన్నారు. మన ఉసిరికకూ ఆ పేరే అంటగట్టారు. వారికి పేర్ల కరవు కాబోలు! తోటల సొగసుకోసం దీనిని తెచ్చుకున్న ఫ్లోరిడాలో ఇప్పుడిది పెరికివేయవలసిన కలుపు. కాలిపోయినా మళ్ళీ చిగురిస్తుంది.

నన్ను దీని దగ్గరకు చేర్చినది మాత్రం వృక్షశాస్త్రం కాదు, ఒక కవిత. వియత్నాంలో దీని పేరు ‘సిమ్’. ఫ్రెంచివారితో యుద్ధంలో ఉన్న హూ లోవాన్ అనే సైనికుడి భార్య, పెళ్ళయిన 1948లోనే నీట మునిగి మరణించింది. మరుసటి యేడు అతడు ‘సిమ్ పూల ఊదారంగు’ వ్రాశాడు. ఉత్తరాన దానికి ఏలికల ఆదరణ దొరకలేదు. దక్షిణాన అది పాటలుగా మారి ఊరూరా వినిపించింది. కవి మాత్రం పల్లెకు మరలిపోయి, రాళ్ళు మోసి బ్రతికాడు. 2010లో కన్నుమూశాడు.