నల్లరంగు కింద 168896

ఇండోర్‌లో సరిహద్దు భద్రతా దళం వారి ఆయుధ శిక్షణ కేంద్రం. అక్కడి మ్యూజియంలో పాత పిస్టళ్లు నల్లరంగు పూసుకుని ఉన్నాయి. 2016లో సిబ్బంది ఆ రంగు గీకడం మొదలుపెట్టారు. వాళ్లు వెతుకుతున్నది ఒకే ఒక్క నంబరు.

ఆ నంబరు వెంట పడ్డవాడు చండీగఢ్ 'ట్రిబ్యూన్' విలేఖరి జుపిందర్‌జిత్ సింగ్. 1928 డిసెంబర్ 17న లాహోర్‌లో పోలీసు అధికారి సాండర్స్‌ మీద భగత్ సింగ్ పేల్చిన పిస్టల్ ఏమైంది? లాహోర్ కుట్ర కేసు కాగితాల్లో దాని గుర్తులు ఉన్నాయి: .32 బోర్ కోల్ట్ ఆటోమేటిక్, నంబరు 168896. ఆ జాడ పట్టుకుని వెళితే పంజాబ్‌లోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణాలయం తగిలింది. అక్కడి నుంచి కొన్ని ఆయుధాలు 1969లో ఇండోర్ చేరినట్టు రికార్డు చెప్పింది.

ఇండోర్‌లో రంగు రాలింది. ఇనుము మీద అంకెలు తేలాయి: 168896. ఎవరిదో తెలియకుండా అన్నేళ్లు పడివున్న ఆయుధం 2017లో ప్రజల ముందుకొచ్చింది, తర్వాత పంజాబ్‌లోని హుస్సేనీవాలాకు చేరింది.

కోల్ట్ కంపెనీ 1903 నుంచి ఈ రకం పిస్టళ్లు ఐదు లక్షలకు పైగా తయారు చేసింది. కాబట్టి ఆ రకం అపురూపమేమీ కాదు. దీనికి విలువ తెచ్చింది, ఇనుము మీది నంబరు కోర్టు కాగితంలోని నంబరుతో అంకె పొల్లుపోకుండా సరిపోవడమే.

ఇళ్లలో దొరికే పాత ఆయుధాలకూ ఇదే వర్తిస్తుంది. చల్లపల్లి లాంటి జమీందారీ ఊళ్లలో తాతల నాటి రివాల్వర్ బయటపడితే ముందు వినిపించే మాట, "ఎవరో దొర బహూకరించాడట!" ఆ మాటకు రాతపూర్వక ఆధారం లేకపోతే కొనేవాడు పైసా కూడా ఎక్కువ పెట్టడు. రివాల్వర్ చెప్పే సంగతులు వేరు. తయారీదారు పేరు, నంబరు, పరీక్షించినట్టు వేసే ప్రూఫ్ ముద్రలు చూడాలి. కిరీటం కింద 'ఎన్‌పీ' అని బర్మింగ్‌హామ్ ముద్ర ఉంటే అది 1904 తర్వాత పరీక్షించినది. భాగాల మీది నంబర్లు ఒకటేనా, అసలు పూత మిగిలిందా అన్నవి ధరను తేలుస్తాయి. గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తే ముద్రలూ పూతా రెండూ పోతాయి. నష్టం అక్కడే.

ధర మాట ఎత్తేముందు చట్టం సంగతి చూసుకోవాలి. 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్, మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాన్ని మినహాయిస్తుంది. పేలే స్థితిలో ఉంటే తాతగారి లైసెన్సు మనవడికి చెల్లదు; 21వ సెక్షన్ ప్రకారం పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. అప్పగించినప్పుడు రశీదులో పూర్తి నంబరు రాయించుకోండి. పాత లైసెన్సు పుస్తకాన్ని మాత్రం చిత్తుకాగితాల్లో పడేయకండి. రేపు ఆ రివాల్వర్ ఎవరిదో రుజువు చేసేది అదే.