ఏకగేరు సైకిల్‌లో పళ్ళ లెక్క: నిర్ణయాధికార చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే గేరు గల సైకిల్‌ను బహుళ గేర్ల సైకిల్‌కు ముందున్న అపరిణత దశగా, ఎంపికకు తావులేని యంత్రంగా భావించడం పరిపాటి. నిజానికి గేరు ఒక్కటే అయినప్పుడు దాని ఎంపిక మరింత కీలకమవుతుంది. ఒకసారి బిగించాక దారి మారినా, బరువు మారినా అదే నిష్పత్తితో సాగవలసి ఉంటుంది. ఆ నిష్పత్తిని ఎవరు, ఎవరి కోసం నిర్ణయించారన్న ప్రశ్నతో ఇంగ్లండ్, ఫ్రాన్స్, భారతదేశాలలోని ఏకగేరు సైకిల్ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఏకగేరు సైకిల్, గేరు అంగుళాలు, ఫ్రీవీల్, టూర్ డి ఫ్రాన్స్, రోడ్‌స్టర్, రిక్షా.

కాలి పొడవు నుండి పళ్ళ లెక్కకు

1870ల నాటి ఎత్తుచక్రపు సైకిల్‌లో పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. కానీ తొక్కేవారి కాలు పెడల్‌ను అందుకోవాలి. 50 అంగుళాల చక్రమా, 56 అంగుళాల చక్రమా అన్నది కొనుగోలుదారు బలం కాక, కాలి పొడవు తేల్చేది.

ఈ బంధాన్ని తెంచినది చైన్. 1885లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిల్ మొట్టమొదటి చైన్ సైకిల్ కాకపోయినా, వెనుక చక్రాన్ని చైన్‌తో తిప్పే పద్ధతిని విజయవంతంగా స్థిరపరచినది అదే. పెడళ్ళ వద్ద ఉండే చైన్‌వీల్ పళ్ళను వెనుక పళ్ళచక్రపు పళ్ళతో భాగించి, చక్రవ్యాసంతో హెచ్చిస్తే వచ్చే సంఖ్యను 'గేరు అంగుళాలు' అన్నారు. 28 అంగుళాల చక్రానికి ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉంటే విలువ సుమారు 68 అంగుళాలు. అంటే ఆ సైకిల్ 68 అంగుళాల ఎత్తుచక్రంతో సమానం. అంత చక్రాన్ని అందుకోగల కాళ్ళు ఎవరికీ ఉండవు గనుక ఈ కొలతలోని చక్రం పూర్తిగా ఊహాచక్రం. వస్తువు వాడుకనుండి పోయింది, దాని కొలత మిగిలింది. భాషాచరిత్ర చదివినవారికి ఇటువంటి మిగులు కొత్త కాదు. ఫ్రెంచివారు మాత్రం పెడల్ ఒక చుట్టుకు బండి ఎన్ని మీటర్లు సాగుతుందో లెక్కించారు. పై సైకిల్‌కు అది దాదాపు 5.46 మీటర్లు.

డెగ్రాంజ్ నియమం, రెండు వైపుల చక్రం

గేరు ఒక్కటే ఉండాలన్నది నైతిక వాదంగా మారింది ఫ్రాన్స్‌లోనే. 1893లో గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పిన ఆన్రీ డెగ్రాంజ్, తరువాతి కాలంలో పత్రికా సంపాదకుడై 1903లో టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని ప్రారంభించాడు. అంతకు ముందు ఏడాదే ఆయన, మార్చుకునే గేర్లు నలభై ఐదేళ్ళు దాటినవారికే తగినవని, కండబలంతో గెలవడమే గెలుపని వాదించాడు. ఇందుకు ఎదురుగా నిలిచినవాడు సెయింట్ ఎతియెన్ పట్టణానికి చెందిన పాల్ ద వివీ. 'వెలోసియో' అనే కలంపేరుతో తన పత్రికలో, బహుళ గేర్లు సామాన్య యాత్రికుడికి కొండదారులు తెరుస్తాయని ఆయన దశాబ్దాల పాటు రాశాడు.

పందెంలో డెగ్రాంజ్ మాటే చెల్లింది. 1910లో పిరెనీస్ పర్వతాలు, 2,115 మీటర్ల ఎత్తున్న తూర్మలే కనుమ పందెపు దారిలో చేరిన తరువాత కూడా డిరేలర్‌కు, అంటే చైన్‌ను ఒక పళ్ళచక్రం మీదినుండి మరొకదానిమీదికి జరిపే సాధనానికి, పందెగాళ్ళకు అనుమతి లేదు. అది 1937లో లభించింది. ఆ ఏడు విజేత రోజే లపేబీ దాన్ని వాడినవాడే.

మరి ఈ మధ్యకాలంలో పందెగాళ్ళు ఒకే గేరుతో కొండలెక్కారా అంటే, లేదనే చెప్పాలి. వెనుక హబ్‌కు ఇరువైపులా వేర్వేరు పళ్ళచక్రాలు బిగించుకునేవారు: ఒకటి చదును నేలకు, ఎక్కువ పళ్ళున్నది ఎక్కుడుకు. కనుమ అడుగున దిగి, రెక్కల నట్లు విప్పి, చక్రాన్ని తిప్పి బిగించి మళ్ళీ ఎక్కేవారు. ఎక్కడ దిగాలన్నదే వ్యూహం. తొందరగా దిగినవాడు చదునుమీద సమయం పోగొట్టుకుంటాడు, ఆలస్యంగా దిగినవాడు కాళ్ళు పోగొట్టుకుంటాడు. 1927లో మంచుకు బిగుసుకున్న రెక్కల నట్టు విప్పలేక ఓడిన తుల్యో కంపాన్యోలో, ఆ అనుభవంతోనే మీటతో క్షణంలో విప్పే ఇరుసును కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దీన్ని ఆధారంగా కాక ఐతిహ్యంగా గ్రహించడమే మేలు. నియమం గేరును ఒక్కటిగా నిలపలేకపోయింది. మార్చే పనిని యంత్రం నుండి మనిషి చేతికి బదిలీ చేసిందంతే.

బిగింపులోని లెక్క

చక్రం తిప్పి బిగించడం సాధ్యం కావడానికి కారణం ఫ్రేమ్ నిర్మాణంలో ఉంది. ఏకగేరు సైకిల్‌లో చైన్ బిగువును సరిచూసే స్ప్రింగ్ ఉండదు. వెనుక ఇరుసు అడ్డంగా ఉన్న గాడిలో ముందుకూ వెనుకకూ జరగాలి. చైన్ లంకె పొడవు అరంగుళం. ఒక పన్ను పెరిగితే ఇరుసు దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు ముందుకు జరుగుతుంది. కనుక రెండు గేర్ల మధ్య తేడా ఎంత ఉండవచ్చో గాడి పొడవే నిర్ణయిస్తుంది. నేడు పాత గేర్ల సైకిల్‌ను ఏకగేరుగా మార్చుకునేవారు మొదట చూడవలసినదీ ఈ గాడినే. చైన్‌వీల్, వెనుక పళ్ళచక్రం ఒకే వరుసలో ఉన్నాయా, చైన్ వెడల్పు పళ్ళ మందానికి సరిపోతుందా అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు చైన్ సన్నని పళ్ళమీద నడుస్తుంది గాని, సన్నని చైన్ మందపు పళ్ళమీద కూర్చోదు.

భారతీయ రోడ్‌స్టర్: నిర్ణయం ఎవరిది?

స్వాతంత్ర్యానంతరం మద్రాసు సమీపంలోని అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్, 1956లో లూధియానాలో స్థాపితమైన హీరో వంటి సంస్థలు బ్రిటిష్ రోడ్‌స్టర్ నమూనానే ఇక్కడ కొనసాగించాయి. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, సాధారణంగా 44కు 18 పళ్ళు. ఇక్కడ ఎత్తుచక్రపు కాలంనాటి కాలి కొలత లేదు, పందెగాడి రెండు వైపుల చక్రమూ లేదు. పాల క్యాన్లు మోసేవారికి, బడికి వెళ్ళే ఉపాధ్యాయునికి, డెల్టా కాలువగట్టుకు, తెలంగాణ ఎత్తుపల్లాలకు అదే 68 అంగుళాలు. చదును నేలమీద ఒంటరిగా వెళ్ళే మనిషికి ఇది చక్కని నిష్పత్తి. బరువుతో ఎక్కుడు వచ్చినప్పుడు మాత్రం దిగి నెట్టడమే రెండో గేరు. విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరకడం, మరమ్మతు సులువుగా జరగడం ఈ ఏకరూపత ఇచ్చిన మేలు. దాన్ని తక్కువ చేయనక్కరలేదు.

అయితే ఈ భాగాలే సైకిల్ రిక్షాకూ సంక్రమించాయి. అక్కడ సమస్య తీవ్రమైంది. ఒక మనిషి కోసం ఊహించిన చైన్, ఫ్రీవీల్‌లతో ముగ్గురి బరువును లాగవలసి వచ్చింది. డెగ్రాంజ్ మెచ్చిన కండబలం అక్కడ పోటీకి కాదు, కూలికి ఖర్చయింది. వంతెన ఎక్కేటప్పుడు సీటు దిగి హ్యాండిల్ పట్టుకొని లాగే రిక్షా కార్మికుడి దృశ్యాన్ని పేదరికానికి గుర్తుగా చదవడం పరిపాటి. అది పళ్ళ లెక్కకు కూడా గుర్తే. 44 పళ్ళ చైన్‌వీల్‌కు వెనుక 18కి బదులు 22 పళ్ళ ఫ్రీవీల్ బిగిస్తే గేరు 56 అంగుళాలకు దిగుతుంది. పెడల్‌పై వేయవలసిన బలం దాదాపు 18 శాతం తగ్గుతుంది, చదునుమీద వేగమూ అంతే తగ్గుతుంది. సైకిల్‌లోనైతే ఇరుసు అరంగుళం ముందుకు జరుపుకోవాలి, లేదా చైన్‌కు రెండు లంకెలు చేర్చుకోవాలి; వెనుక బ్రేక్ కడ్డీని తిరిగి సర్దుకోవాలి.