హనుమకొండ దిగిన రాజధాని

1199 డిసెంబర్ చివరి వారం. మంథనిలో ఉన్నారు మీరు. పొద్దెక్కినా గోదావరి గాలికి చలి వదలడం లేదు. శిల్పి ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తాడు, రాతిపొడి నోటితో ఊదుతాడు, వేలితో గాడి తడిమి చూసుకుంటాడు, మళ్లీ దెబ్బ. ఒక్కో అక్షరంగా కాకతీయ రాజు గణపతిదేవుడి పేరు తేలుతోంది. ఆయన ఏలుబడిలో మనకు తెలిసిన తొలి శాసనం ఈ మంథనిదే, తేదీ డిసెంబర్ 26.

చుట్టూ చేరినవాళ్ల మాటల్లో దేవగిరి భయం ఇంకా పోలేదు. అక్కడి యాదవులతో పోరులో మహాదేవరాజు కూలాడు. కొడుకు గణపతి వాళ్ల చేత చిక్కాడు, యాదవ రాజు జైతుగి విడిచిపెడితేనే వచ్చి గద్దెనెక్కాడు. ఆ నడుమ రాజ్యం చెయ్యిజారకుండా కాచినవాడు సేనాని రేచర్ల రుద్రుడు.

దక్షిణంగా బండిబాట పట్టండి. రోజులు నడిస్తే హనుమకొండ. 1163లో మహాదేవరాజు అన్న రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి నల్లగా మెరుస్తోంది. పద్మాక్షి గుట్ట, సిద్ధేశ్వరుడి గుట్ట, వాటి సందుల్లో ఇళ్లు. చాళుక్యులకు సామంతులుగా ఉన్నన్నాళ్లూ ఈ ఊరు చాలింది. ఇప్పుడు సొంత రాజ్యం. ఏనుగులు, గుర్రాలు, వర్తకుల బిడారులు ఎక్కడ నిలవాలి? గుట్టలున్న ఊరు చుట్టూ గోడ ఎలా తిప్పాలి?

రెండు మూడు కోసులు నడిస్తే దానికి జవాబు కనిపిస్తుంది. చదునైన నేల, మధ్యలో ఒంటిరాయి గుట్ట. రుద్రదేవుడి కాలంలో మొదలైన ఓరుగల్లు పని గణపతిదేవుడు పూర్తిచేశాడు. నడిబొడ్డున స్వయంభూ శివుడి గుడి, నాలుగు దిక్కులా రాతి తోరణాలు, చుట్టూ గుండ్రంగా కోట. రాజధాని మార్చడమంటే దూరం పోవడమే అనుకుంటాం. కాకతీయులు పోయింది పూట నడక కూడా కాదు, అయినా ఊరి స్వరూపమే మారిపోయింది. దేవగిరి చెర చూసి వచ్చిన రాజుకు గోడ విలువ ఇంకొకరు చెప్పాలా?

గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి కాలానికి రండి. రాతిగోడను ఇంకా పైకి లేపుతున్నారు. సున్నం లేదు, రాయి మీద రాయి బరువుతోనే కూర్చుంటోంది. లోపలి వైపు ఏటవాలు మట్టికట్ట, దాని మీద గోడ పొడవునా రాతిమెట్లు. ఎక్కి చూడండి. బురుజు దాకా పరుగెత్తనక్కర్లేదు, సైనికుడు ఉన్నచోటు నుంచే పైకి చేరతాడు. ఈ మెట్లే నాకు ఈ కోటలో అన్నిటికన్నా గొప్పగా తోస్తాయి. బయట కందకం, దాని అవతల మరో మట్టికోట.

ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ 1310లో ముట్టడించి కప్పం పట్టుకుపోయాడు, రాజ్యం మాత్రం నిలిచింది. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ రెండోసారి దండెత్తి వచ్చాక ఓరుగల్లు పడిపోయింది. బందీ అయిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకుండానే దారిలో ప్రాణం విడిచాడు. ఆ ఉలుగ్ ఖానే ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సుల్తాన్ అయ్యాడు. దక్కన్‌ను ఢిల్లీ నుంచి అదుపు చేయడం కష్టమని 1327లో తన రాజధానిని ఎంతో దూరంలోని ఆ దేవగిరికే మార్చి, దానికి దౌలతాబాద్ అని పేరు పెట్టాడు. కొన్నేళ్లకే జనాన్ని మళ్లీ ఢిల్లీకి నడిపించాడు.